దగ్గని రోజుల లెక్క

2025 సెప్టెంబరు, అక్టోబరుల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగిన పిల్లలు కిడ్నీలు దెబ్బతిని చనిపోయారు. ఆ వార్త వచ్చాక వాట్సాప్ గ్రూపుల్లో వారం పాటు ఒకటే గోల. ఏ సిరప్, ఏ బ్యాచ్, మన ఇంట్లో ఉన్నది అదేనా? అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని, ఐదేళ్లలోపు వాళ్లకు కూడా మామూలుగా అక్కర్లేదని అందులో ఉంది. గోల సద్దుమణిగాక తల్లిదండ్రుల దగ్గర ఒక్క ప్రశ్న మిగిలింది: "సిరప్ వద్దంటే, రాత్రంతా దగ్గే పిల్లకి ఏం పొయ్యాలి మరి?"

ఆ ప్రశ్నలోనే తిరకాసు ఉంది. జలుబుతో వచ్చిన దగ్గు ఏం పొయ్యకపోయినా రెండు మూడు వారాల్లో దానంతటదే పోతుంది. నెలకోసారి తిరిగొచ్చి, తెల్లవారుజామున మూడింటికి లేపి, వాంతి అయ్యేదాకా వదలని దగ్గు ఏం పోసినా పోదు. అది చాలావరకు ఊపిరిగొట్టాల లోపలి పొర వాచి, చుట్టూ ఉన్న కండరం బిగుసుకోవడం వల్ల వచ్చే ఉబ్బసం దగ్గు. దగ్గు ఆగినా ఆ వాపు పూర్తిగా తీసిపోదు. అందుకే దగ్గు వచ్చినప్పుడు మందు, తగ్గగానే మానెయ్యడం అనే పద్ధతి గోడలో చెమ్మ ఉండగా పైన సున్నం కొట్టినట్టు ఉంటుంది.

ఈ పిల్లల విషయంలో పెద్దలు కళ్లు పెట్టాల్సింది రెండు జలుబుల మధ్య రోజుల మీద అని నా అభిప్రాయం. జబ్బు ఉందో లేదో తేలేది ఆ రోజుల్లోనే. రోజూ మందు కావాలో వద్దో చెప్పేవీ అవే. మనమేమో దగ్గే రాత్రి చుట్టూనే తిరుగుతాం. ఆ రాత్రి గడిచాక ఎవరూ ఏమీ రాసిపెట్టుకోరు.

ముందు, ఇది ఉబ్బసమేనా

గట్టిగా ఊదించి చేసే స్పైరోమెట్రీ ఐదేళ్లలోపు పిల్లల చేత చేయించడం కష్టం. ఎక్స్‌రే చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. కాబట్టి డాక్టరు చేతిలో ఉన్న ప్రధాన సాక్ష్యం మీరు చెప్పే మాటే. పొడిదగ్గా? రాత్రి, తెల్లవారుజామున ఎక్కువా? పరుగెత్తినా, పగలబడి నవ్వినా, ఏడ్చినా వస్తుందా? ప్రతి జలుబూ ఛాతీలోకి దిగి పది రోజులు దాటుతోందా? తల్లికో తండ్రికో ఉబ్బసం ఉందా? పసితనంలో బిడ్డ మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక దురద మచ్చలు వచ్చాయా? వీటన్నిటికంటే విలువైన ప్రశ్న, జలుబు లేని రోజుల్లో కూడా దగ్గుతోందా అన్నది.

పగలు పదకొండింటికి క్లినిక్‌లో ఆ పిల్ల కుర్చీల మధ్య గంతులేస్తుంటుంది. స్టెతస్కోపుకి ఏమీ దొరకదు. అందుకే రాత్రి ఆయాసపడుతున్నప్పుడు ఫోన్లో అర నిమిషం వీడియో తీసి ఉంచండి. చొక్కా విప్పి, ఛాతీ, పొట్ట రెండూ కనబడేలా, ఫ్యాను ఆపి, ఊపిరి చప్పుడు వినబడేలా తీయాలి. చాలామంది "పిల్లికూతలు" అని చెప్పేది ముక్కు దిబ్బడ గురగుర అని వీడియోలో తేలిపోతుంది. ఒక్కోసారి తిరగబడి, "ఉత్త జలుబే" అన్నది డొక్కలు ఎగరేయడమని బయటపడుతుంది.

ఉబ్బసం కాని దగ్గులూ ఉన్నాయి. నాలుగు వారాలు దాటినా గళ్ళ కదులుతున్నట్టు తడిగా ఉండే దగ్గుకు బాక్టీరియా కారణం కావచ్చు, దానికి యాంటీబయాటిక్ కావాలి. ఆడుకుంటూ పల్లీ గింజో సీతాఫలం గింజో నోట్లో పెట్టుకుని ఒక్కసారి ఉక్కిరిబిక్కిరై, ఆ రోజు నుంచి మొదలైన దగ్గయితే ఊపిరిగొట్టంలో గింజ ఇరుక్కుందేమో చూడాలి. పాలు తాగిన ప్రతిసారీ దగ్గడం, పుట్టిన కొద్ది వారాల నుంచే దగ్గడం, బరువు పెరగకపోవడం, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉండటం... ఇవేవీ ఇన్‌హేలర్‌తో తేలే విషయాలు కావు.

ఇక్కడ నాకూ ఒక అనుమానం ఉంది. కూత, ఆయాసం ఏమీ లేకుండా ఒట్టి దగ్గు మాత్రమే ఉన్న పిల్లలందరికీ ఉబ్బసం ముద్ర వేయడం సరికాదు. మన దగ్గర ఒకప్పుడు ఇలాంటి దగ్గుకు ఇస్నోఫీలియా అని హెట్రజాన్ (బోదకాలు మందు) ఇచ్చేవారు, లేదా ప్రైమరీ కాంప్లెక్స్, అంటే పిల్లల టీబీ, అని ఆరు నెలలు టీబీ మందులు మింగించేవారు. ఇప్పుడు ఆ చోట్లోకి మందును ఆవిరిలా చేసి ఇచ్చే నెబ్యులైజర్ వచ్చింది. అనుమానం తీరే దారి ఒకటుంది. తక్కువ మోతాదులో పీల్చే స్టెరాయిడ్ రెండు మూడు నెలలు సరిగ్గా వాడి, తర్వాత డాక్టరు చెప్పినట్టు ఆపి చూడటం. వాడినప్పుడు బాగా తగ్గి, ఆపాక తిరిగొస్తే అది ఉబ్బసమనడానికి గట్టి ఆధారం. ఆపినా రాకపోతే అది దానంతటదే పోయే దగ్గయి ఉండొచ్చు. ఈ పరీక్షలో రెండో సగాన్ని, అంటే ఆపి చూడటాన్ని, చాలామంది వదిలేస్తారు. డాక్టరును అడగండి.

గోడ మీది క్యాలెండర్

దీనికి యాప్ అక్కర్లేదు. వంటింట్లో తిథులు చూసుకునే తెలుగు క్యాలెండర్ చాలు. రాత్రి దగ్గుతో లేస్తే ఆ తేదీ గడిలో "రా", పగలు దగ్గో ఆయాసమో వస్తే "ప", ఆటలోంచి ముందే వచ్చి కూర్చుంటే "ఆ", బిగుసుకున్న గొట్టాలను అప్పటికప్పుడు వదులు చేసే సాల్బుటమాల్ (దీన్నే రిలీవర్ అంటారు) పఫ్ వాడాల్సి వస్తే "మ", జలుబు ఉన్న రోజులకు అడుగున గీత.

నాలుగు వారాలకోసారి లెక్క చూడాలి. ఐదేళ్లలోపు పిల్లలకు గినా, అంటే గ్లోబల్ ఇనిషియేటివ్ ఫర్ ఆస్తమా మార్గదర్శకాలు అడిగేవి నాలుగే ప్రశ్నలు: పగటి లక్షణాలు వారంలో ఒకసారి కంటే ఎక్కువ వచ్చాయా, రాత్రి ఒక్కసారైనా లేచిందా, ఆట తగ్గిందా, రిలీవర్ వారంలో ఒకసారి కంటే ఎక్కువ పట్టిందా. ఒకటి రెండిటికి అవునంటే జబ్బు సగమే అదుపులో ఉంది. మూడు నాలుగైతే అసలు అదుపులో లేదు.

ఆ గీతలు ఎందుకంటే, గుర్తులన్నీ గీతల మీదే పడి మధ్య రోజులు శుభ్రంగా ఉన్న పిల్ల వేరు, గీతలు లేని గడుల్లోనూ "రా", "ప" కనబడే పిల్ల వేరు. 2011లో అమెరికాలో, జలుబు వచ్చినప్పుడే కూతలు వచ్చే చిన్నపిల్లల మీద ఒక పరిశోధన జరిగింది. కొందరికి రోజూ రాత్రి 0.5 మిల్లీగ్రాముల బుడెసోనైడ్ అనే పీల్చే స్టెరాయిడ్ నెబ్యులైజర్‌తో ఇచ్చారు. కొందరికి జలుబు మొదలవగానే ఏడు రోజులు మాత్రమే, పూటకు 1 మిల్లీగ్రాము చొప్పున రెండు పూటలా ఇచ్చారు. తీవ్రమైన ఉబ్బసం దాడుల సంఖ్యలో తేడా కనబడలేదు. కాబట్టి "ఉబ్బసమంటే రోజూ మందే" అన్న మాట అందరికీ వర్తించదు. మధ్య రోజులు శుభ్రంగా ఉన్న పిల్లకు రోజూ వాడటమా, జలుబు రోజులకే వాడటమా అన్నది డాక్టరుతో నిజంగా చర్చించాల్సిన విషయం. మధ్య రోజుల్లోనూ దగ్గే పిల్లకు ఆ చర్చ అక్కర్లేదు, రోజూ కావాలి.

మైక్రోగ్రాముల భయం

"పంపు (ఇన్‌హేలర్) అలవాటు చేస్తే జీవితాంతం వదలదు, సిరప్పే మేలు" అనే మాట అమ్మమ్మల నోటే కాదు, మందుల షాపు కౌంటర్ వెనక నుంచి కూడా వినిపిస్తుంది. లెక్క చూద్దాం. 5 మిల్లీలీటర్ల సాల్బుటమాల్ సిరప్‌లో 2 మిల్లీగ్రాములు, అంటే 2,000 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. ఇన్‌హేలర్ ఒక్క పఫ్‌లో ఉండేది 100. సిరప్ కడుపులోకి, రక్తంలోకి, ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరుతుంది, అదీ ఆలస్యంగా. చేతులు వణకడం, గుండె దడ, రాత్రంతా నిద్రపోకుండా మంచం మీద గెంతడం ఆ మందు పనే. "సిరప్ వేశాక హుషారొచ్చింది" అని సంతోషించేవాళ్లను చూస్తే ఏమనాలో తెలియదు.

స్టెరాయిడ్ భయమూ అంతే. 15 కిలోల పిల్లకు దాడి వచ్చినప్పుడు నోటి ద్వారా ఇచ్చే ప్రెడ్నిసొలోన్ కిలోకు 1 మిల్లీగ్రాము లెక్కన చూసినా రోజుకు 15 మిల్లీగ్రాములు, అంటే 15,000 మైక్రోగ్రాములు. బుడెసోనైడ్ ఇన్‌హేలర్‌తో తక్కువ మోతాదంటే రోజుకు సుమారు 200 మైక్రోగ్రాములు. ఈ రెండూ వేర్వేరు మందులు. బుడెసోనైడ్ బరువుకు బరువు చూస్తే ఎక్కువ బలమైనది, కాబట్టి అంకెకు అంకె పోల్చడం న్యాయం కాదు. అయినా పీల్చినదాంట్లో రక్తంలోకి చేరేది కొంతే. ఏడాదికి నాలుగైదు సార్లు నోటి స్టెరాయిడ్ కోర్సు, మధ్యలో ఆర్‌ఎంపీ వేసే డెక్సా ఇంజక్షన్లు (అవీ స్టెరాయిడ్లే) ఎవరికీ భయం పుట్టించవు. చేతిలో కనబడే పంపు పుట్టిస్తుంది.

భయంలో నిజం లేదని అనను. అమెరికాలో ఐదు నుంచి పదమూడేళ్ల పిల్లలకు రోజుకు 400 మైక్రోగ్రాముల బుడెసోనైడ్ ఏళ్ల తరబడి ఇచ్చి, పెద్దయ్యాక ఎత్తు కొలిచారు. మందు వాడనివాళ్లకంటే సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ ఉన్నారు. 2012లో ఆ ఫలితం అచ్చయింది. ఆ సెంటీమీటరు నిజమే, దాన్ని దాచి "ఏమీ కాదమ్మా" అనడం తప్పు. అందుకే పనిచేసే అతి తక్కువ మోతాదు, ఏడాదికి రెండుసార్లు ఎత్తు కొలిచి రాసుకోవడం. ఇంకో నిజమూ ఉంది. ఇన్‌హేలర్ జబ్బును నయం చేయదు. రెండు మూడేళ్ల పిల్లలకు రెండేళ్లపాటు రోజూ ఇచ్చి, ఆపాక మరో ఏడాది చూసిన పరిశోధన 2006లో వచ్చింది. వాడినంతకాలం దగ్గు, దాడులు తగ్గాయి. ఆపాక తేడా పోయింది. నిద్ర, ఆట, బడి, ఆస్పత్రి రాత్రులు తప్పడం... ఆ మందుతో దక్కేవి ఇవే. నాకు ఆ బేరం సమ్మతమే, కాకపోతే తెలిసి చేయాలి.

మధ్యే మార్గంగా చాలామంది ఇష్టపడేది మాంటెలుకాస్ట్. నమిలే బిళ్ల, పంపు గొడవ లేదు. కొందరు పిల్లలకు అది పనిచేస్తుంది కూడా. కానీ పీడకలలు, చిరాకు, ప్రవర్తనలో మార్పు వస్తాయని 2020 మార్చిలో అమెరికా ఎఫ్‌డీఏ తన అత్యంత గట్టి హెచ్చరికను దాని మీద వేసింది. ఇక్కడ అలర్జీ మందు లెవోసెట్రిజిన్‌తో కలిపిన సిరప్‌ను జలుబు మందులా షాపులో అడిగి తెచ్చేసుకుంటున్నారు. వాడుతున్న పిల్ల రాత్రిళ్లు కేకలేసి లేస్తుంటే అది భయమో దిష్టో అనుకోక ముందు డాక్టరుకు చెప్పాలి.

మాస్కు అంచు

మందు రాసినా తగ్గని చాలా ఇళ్లలో లోపం మందుది కాదు, పట్టుకునే తీరుది. చిన్నపిల్లకు ఇన్‌హేలర్ నేరుగా నోట్లో కొడితే ఎక్కువ భాగం గొంతు వెనక గోడకు తగిలి కడుపులోకి పోతుంది. ఇన్‌హేలర్‌కు తగిలించే ప్లాస్టిక్ గొట్టం, అంటే స్పేసర్ తప్పనిసరి, నాలుగేళ్లలోపు అయితే మాస్కు కూడా. రోటాక్యాప్ లాంటి పొడి మందుకు గట్టిగా ఒక్క ఊపున పీల్చే బలం కావాలి. చిన్నపిల్లలకు అది పనికిరాదు, షాపువాడు "రెండూ ఒకటే" అన్నా తీసుకోకండి.

పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, వీపు మీ ఛాతీకి ఆనించాలి. పడుకోబెట్టి వేయొద్దు. ఇన్‌హేలర్ బాగా ఊపి, స్పేసర్‌కు నిటారుగా బిగించి, మాస్కు ముక్కునూ నోటినీ కప్పి బుగ్గలకు అంటుకునేలా ఆనించాలి. గడ్డం దగ్గర సన్నటి సందు ఉన్నా మందులో పెద్ద భాగం అందకుండా పోతుంది. ఒక్క పఫ్ నొక్కి, వెంటనే ఐదారు ఊపిర్లు పైకి లెక్కపెట్టాలి. ప్రతి ఊపిరికీ వాల్వు కదలాలి. కదలకపోతే ఊపిరి పక్కనుంచి పోతోందని అర్థం. అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి, రెండోది. రెండు పఫ్‌లు ఒకేసారి నొక్కితే తుంపరలు స్పేసర్ గోడలకే అంటుకుంటాయి.

ఏడుస్తున్నప్పుడు గాలి బాగా పీలుస్తుంది కాబట్టి మందు లోపలికి పోతుందని నమ్మేవాళ్లున్నారు. ఏడుపులో ఊపిరి ఎక్కువసేపు బయటికే పోతుంది, లోపలికి ఒక్క గుక్క. మందు గొంతులోనే ఆగిపోతుంది. దగ్గు లేని రోజున మాస్కుతో బొమ్మకు, తాతయ్యకు, పిల్లి బొమ్మకు "మందు" వేయించి ఆట నేర్పితే జబ్బు రోజున యుద్ధం తగ్గుతుంది.

స్టెరాయిడ్ పఫ్‌ను పళ్లు తోమడానికి ముందు పెట్టుకోండి. నోరు పుక్కిలించడం, మాస్కు ఆనిన చోట ముఖం కడగడం రెండూ ఒకేసారి అయిపోతాయి. లేకపోతే నాలుక మీద తెల్లటి పూత కట్టొచ్చు. కొత్త స్పేసర్‌ను గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసిన గోరువెచ్చని నీళ్లలో ముంచి తీసి, తుడవకుండా గాలికి ఆరబెట్టాలి. ప్లాస్టిక్‌కు ఉండే స్టాటిక్ ఛార్జ్ మందును లాగేసుకుంటుంది, గుడ్డతో తుడిస్తే అది మళ్లీ పుడుతుంది. తర్వాత నెలకోసారి అలాగే.

ఖాళీ డబ్బా సంగతి మరీ విచిత్రం. మందు అయిపోయినా లోపల గ్యాస్ మిగిలి ఉంటుంది కాబట్టి నొక్కితే చప్పుడు, పొగ వస్తూనే ఉంటాయి. వారాల తరబడి ఒట్టి గ్యాస్ కొడుతూ "ఇన్‌హేలర్ కూడా పనిచేయలేదండీ" అంటారు. నీళ్లలో వేసి తేలుతుందా అని చూడటం తప్పుడు పరీక్ష. డబ్బా మీద పఫ్‌లు లెక్కపెట్టే కౌంటర్ లేకపోతే మొదలుపెట్టిన తేదీని డబ్బా మీద రాసి లెక్కేయండి: 200 పఫ్‌ల డబ్బా, పూటకు రెండు చొప్పున రోజుకు నాలుగైతే, 50 రోజులు. రెండు డబ్బాల మీద "రోజూ", "ఆయాసానికి" అని పెద్దగా రాసిన చీటీలు అంటించండి. తారుమారు కావడం మనం అనుకున్నదానికంటే ఎక్కువ.

నెబ్యులైజర్ పెద్ద వైద్యమనీ స్పేసర్ చిన్నదనీ ఒక భావన ఉంది. మామూలు దాడుల్లో స్పేసర్‌తో ఇచ్చిన సాల్బుటమాల్ నెబ్యులైజర్ కంటే తక్కువేం కాదని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. పైగా నెబ్యులైజర్ మాస్కును ముఖానికి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకుంటే పది నిమిషాల ఆవిరి గదికే.

సాంబ్రాణి, కాయిల్, కూలర్

ఇంట్లో మార్చాల్సినవాటిలో పొగది మొదటి స్థానం. తలంటి పోశాక సాంబ్రాణి పొగ పట్టడం మన ఇళ్లలో ప్రేమతో చేసే పని. దాన్ని వద్దనడం కోడలికి కష్టం. ఆ మాట డాక్టరు చేత అత్తగారి ఎదుటే చెప్పిస్తే పని సులువవుతుంది. తల ఆరడానికి పొడి తువ్వాలు చాలు. దోమల కాయిల్ ఒక్కటి కాలితే వెలువడే సన్న ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళితో సమానమని 2003లో ఒక పరిశోధన లెక్కగట్టింది. డెంగీ ఉన్న ఊళ్లో దోమల్ని వదిలేయమనలేం కాబట్టి దోమతెర కట్టండి. అగరుబత్తి, బీడీ, కట్టెల పొయ్యి, ఎండుమిర్చి పోపు ఘాటు కూడా ఈ వరసలోవే. బయట అరుగు మీద కాల్చి వచ్చినా బీడీ పొగ చొక్కాకు అంటుకునే వస్తుంది.

తర్వాత పరుపు. దుమ్ము పురుగులు కంటికి కనబడవు, చెమ్మ గాలిలో, అంటే కోస్తా ఊళ్లలో, బాగా పెరుగుతాయి. పాత దూది దిండ్లు, బొంతలు పిల్ల పక్కన వద్దు. దుప్పట్లు, గలేబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకాలి. చీపురుతో ఊడ్చేటప్పుడు పిల్ల ఆ గదిలో ఉండకూడదు, తడిగుడ్డ మేలు. ఎయిర్ కూలర్‌ను మార్చిలో అటక మీంచి దింపి అలాగే తిప్పితే ఏడాది దుమ్మూ, బూజూ నేరుగా ముఖానికి కొడుతుంది. గడ్డి మార్చి, తొట్టి తోమి, ఒక గంట ఖాళీ గదిలో తిప్పాకే పిల్లను పడుకోబెట్టాలి.

తిండి దగ్గర మాత్రం మనవాళ్లు అనవసరంగా కఠినంగా ఉంటారు. పెరుగు, అరటిపండు, జామ, బత్తాయి అన్నీ "చలవ" పేరుతో బంద్. తిన్న ప్రతిసారీ దగ్గు వస్తోందని మీ క్యాలెండర్ చెబితే తప్ప ఆపొద్దు. ఏడాది దాటిన బిడ్డకు పడుకునే ముందు అర చెంచా తేనె గొంతుకు హాయినిస్తుంది, గొట్టాల వాపు తగ్గించదు. ఏడాదిలోపు తేనె అసలు వద్దు. కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి ముక్కు దగ్గర రాయడం వద్దు, పొరపాటున నోట్లోకి పోతే ఫిట్స్ రావచ్చు. ఆవిరి గిన్నె పక్కన చిన్నపిల్ల అంటే కాలడానికి సిద్ధంగా ఉన్నట్టే.

మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో వేసే చేప మందు సంగతి అడక్కుండా ఎవరూ ఉండరు. మందు పెట్టిన కొర్రమీను పిల్లను బతికుండగానే మింగించడం చిన్నపిల్లల గొంతుకు ప్రమాదమని ఒక అభ్యంతరం. రెండోది, వయసుతో తగ్గే జబ్బుకు మూడేళ్లు వరసగా ఏం ఇచ్చినా అది పనిచేసినట్టే కనబడుతుంది. అమెరికాలోని టూసాన్ నగరంలో పుట్టినప్పటి నుంచి గమనించిన పిల్లల్లో, మూడేళ్లలోపు కూతలు వచ్చినవాళ్లలో దాదాపు 60 శాతం మందికి ఆరేళ్లకు అవి లేవు. ఏ మందుకైనా ఈ 60 శాతం ఉచితంగా దక్కుతుంది. పీల్చే మందుకు కూడా! ఆ లెక్కను నా వాదనకు వ్యతిరేకంగానూ వాడొచ్చని తెలుసు. అందుకే ఆపి చూడమంటున్నాను.

చెడ్డ రాత్రి

డాక్టరు రాసిచ్చిన సాల్బుటమాల్ పఫ్‌లు, సాధారణంగా రెండు, ఒక్కొక్కటిగా స్పేసర్‌తో. పిల్లను కూర్చోబెట్టి ఉంచాలి. తగ్గకపోతే 20 నిమిషాలకోసారి, గంటలో మొత్తం మూడు విడతలు. అప్పటికీ తగ్గకపోయినా, తగ్గి మూడు నాలుగు గంటల్లోపే మళ్లీ కావాల్సి వచ్చినా ఆస్పత్రికి. డొక్కలు లోతుగా లోపలికి పోవడం, మాట మధ్యలో తెగడం, పాలు తాగలేకపోవడం, పెదాలు నీలంగా మారడం, మగతగా వాలిపోవడం కనబడితే విడతలు లెక్కపెడుతూ ఆగకండి. 108కి ఫోన్ చేసి, దారిలో పఫ్‌లు వేస్తూనే ఉండండి. ఏడాది నుంచి ఐదేళ్ల పిల్ల నిద్రలో, జ్వరం లేకుండా, నిమిషానికి 40 సార్లకు మించి ఊపిరి తీస్తోందంటే అది వేగమే. నిమిషం పూర్తిగా లెక్కపెట్టాలి. పెద్దవాళ్ల పల్స్ ఆక్సీమీటర్ చిన్న వేలికి సరిగ్గా పట్టదు. అది 98 చూపిస్తున్నా డొక్కలు ఎగురుతుంటే డొక్కల్నే నమ్మండి.

ఈ వివరాలన్నీ ఒక చీటీ మీద డాక్టరు చేత రాయించుకోవడం మంచిది: రోజూ ఏది, దగ్గు మొదలైతే ఏది, ఎప్పుడు బయల్దేరాలి. అమెరికాలో ఉండే మన మనవళ్ల బడుల్లో ఇలాంటి యాక్షన్ ప్లాన్ అడిగి తీసుకుంటారు. ఇక్కడ ప్రిస్క్రిప్షన్ మీద మందు పేరు, పూటలు తప్ప ఉండవు. అడిగితే రాసిచ్చే డాక్టర్లు ఉన్నారు, అడిగేవాళ్లే తక్కువ.

తగ్గించడం

వరసగా మూడు నెలలు క్యాలెండర్ దాదాపు ఖాళీగా ఉంటే మోతాదు తగ్గించమని అడిగే హక్కు మీకుంది. చాలామంది అడగరు. తమంతట తాము ఒకరోజు ఆపేస్తారు, లేదా భయంతో ఏళ్ల తరబడి అదే మోతాదు లాగిస్తారు. కాలం చూసుకోవాలి. జూన్‌లో బడులు తెరిచి, వానలు పడి, క్లాసంతా ముక్కులు కారే వారాల్లో తగ్గించొద్దు. దీపావళి నుంచి సంక్రాంతి దాకా కూడా వద్దు, టపాసులు, చలి, భోగి మంటలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. మార్చి, ఏప్రిల్ అనువైనవి. ముందు సగానికి తగ్గించి ఆరు వారాలు చూడాలి. జలుబు గీత లేని గడిలో "రా" మళ్లీ కనబడితే పాత మోతాదుకు వెళ్లాలి. అంతలో కొత్త పరుపు, కొత్త కుక్కపిల్ల లాంటివి తీసుకురాకపోతే దేనివల్ల మారిందో తెలుస్తుంది. రిలీవర్ మాత్రం తగ్గించే కాలంలోనే ఎక్కువగా చేతికి అందేలా ఉండాలి, బడి సంచిలో ఒకటి, ఇంట్లో ఒకటి, ఎక్స్‌పైరీ తేదీ చూసి.

ఆ తగ్గించే కాలం సరిగ్గా వేసవి సెలవుల్లో కలుస్తుంది. అమ్మమ్మగారింట్లో పాత బొంత, సాయంత్రం సాంబ్రాణి, అప్పుడే దింపిన కూలర్ అన్నీ ఒకేసారి ఎదురవుతాయి. పిల్లతో పాటు దాని దిండు, స్పేసర్, రెండు డబ్బాలు, డాక్టరు చీటీ జిరాక్స్ పంపండి. ఒక క్యాలెండర్ కాగితం కూడా. జూన్‌లో మోతాదు అలాగే ఉంచాలో పెంచాలో ఆ గడులు చూసే తేల్చాలి.